మిరపకట్టె బొగ్గు మళ్లీ ఎందుకు రాజుకుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మిరప తోటలు పీకేసి, గడ్డి వాములు వేసుకునే రోజులు కదా, ఈసారి ఉత్తరాల్లో చాలావరకు పొయ్యి, బట్టీ, బాయిలర్ల గురించే వచ్చాయి. అడిగినవాళ్ల ఊళ్లు వేరు, పనులు వేరు. కానీ ప్రతి ప్రశ్న అడుగునా ఉన్నవి మొక్క నేల నుంచి పీల్చుకున్న లవణాలే. ముందు ఇంధనాల ల్యాబులో మూసలు తూకం వేస్తూ, తర్వాత గుంటూరులో పిల్లలకి కెమిస్ట్రీ చెబుతూ నా ఉద్యోగమంతా గడిచింది. బూడిద అంటే చివర్లో ఊడ్చి పారబోసేదని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. కట్టె వేడెక్కడం మొదలైనప్పటి నుంచే అందులోని పొటాషియం, కాల్షియం, సిలికా (ఇసుకలో ఉండేదే) పని మొదలుపెడతాయి. పొగ ఎంత రావాలి, బొగ్గు ఎంత మిగలాలి, నిప్పు ఎంతసేపు ఉండాలి అన్నవాటిలో వాటి చెయ్యి చాలా ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, నేను తెనాలి దగ్గర రైస్ మిల్లులో బాయిలర్ ఫైర్‌మన్‌ని. ఇన్నేళ్లూ ఊకతోనే నడిపాం, ఏ ఇబ్బందీ లేదు. ఈ ఏడాది ఊక రేటు పెరిగిందని మా షావుకారు ఎండుగడ్డి కట్టలు కొన్నారు. రెండూ వరిలోవే కదా అన్నారు. గడ్డి వేయడం మొదలుపెట్టాక గ్రేటు (నిప్పు కింద ఉండే ఇనుప జల్లెడ) మీద గాజులాంటి గడ్డలు కడుతున్నాయి. గునపంతో పొడిచి తీయాల్సి వస్తోంది. గడ్డికి మట్టి అంటుకుని ఉండడం వల్లే అంటున్నారు. నిజమేనా?

జవాబు: మట్టి కూడా కొంత కారణం కావచ్చు. అసలు సంగతి మాత్రం గడ్డిలోనే ఉందండీ.

ఊక కాలిస్తే వందకి 20 వంతుల దాకా బూడిద మిగులుతుంది. ఎండుగడ్డికి 15 నుంచి 20. తూకం చూస్తే రెండిటికీ పెద్ద తేడా లేదు, తేడా అంతా ఆ బూడిద లోపల ఉంది. ఊక బూడిదలో 90 శాతం దాకా సిలికాయే, పొటాష్ (పొటాషియం లవణాలకి వాడుక పేరు) చాలా కొద్ది. గడ్డి బూడిదలో సిలికా ముప్పావు వంతు ఉంటే, దాని పక్కనే పదో వంతుకి అటూ ఇటూగా పొటాష్ ఉంటుంది. సిలికా ఒక్కటే అయితే 1,700 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. మీ గ్రేటు మీద అంత వేడి ఏనాడూ రాదు. అదే సిలికాకి పొటాష్ తోడైతే 800 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది. గాజు బట్టీల్లో ఇసుకకి క్షారం కలిపేది ఇందుకే. మీ గ్రేటు మీద తయారవుతున్నది కూడా గాజే. కరిగిన ఆ ముద్ద చుట్టూ ఉన్న బూడిదనీ, సగం కాలిన గడ్డినీ అంటించుకుంటూ పెరిగి, కింద నుంచి వచ్చే గాలికి అడ్డం పడుతుంది. గాలి అందక ఒకచోట మంట తగ్గుతుంది, పక్కచోట వేడి ఇంకా పెరుగుతుంది. ఈ గడ్డనే క్లింకర్ అంటారు. అలా క్లింకర్ మీద క్లింకర్.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కాల్చే బొగ్గు సంగతి మీకు తెలిసే ఉంటుంది. మన దేశపు బొగ్గులో 30, 40 శాతం బూడిద ఉండడం మామూలే. గడ్డి కంటే రెట్టింపు. అయినా ఆ బూడిద సాధారణంగా 1,400 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఎందుకంటే అందులో ఉన్నది ఎక్కువగా సిలికా, అల్యూమినా. పొటాష్ స్వల్పం. అందుకే ఇంధనం కొనేటప్పుడు బూడిద ఎంత శాతం అని అడిగి ఊరుకోకూడదు, ఆ బూడిదలో పొటాష్ ఎంత, క్లోరిన్ ఎంత అని కూడా మీ షావుకారుగారు అడగాలి. ఇంకో మాట. ల్యాబుకి పంపితే గడ్డిని ఏ వేడి దగ్గర బూడిద చేశారో కనుక్కోండి. బొగ్గుని 815 డిగ్రీల దగ్గర బూడిద చేస్తారు. గడ్డి, కట్టె లాంటివాటిని 550 డిగ్రీల దగ్గరే చేయాలి. బొగ్గు పద్ధతిలో చేస్తే పొటాషియం లవణాలు కొన్ని ఆవిరై ఎగిరిపోతాయి, మీ చేతికొచ్చే రిపోర్టులో పొటాష్ తక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు ఏం చేయాలి? వానలో తడిసిన గడ్డి కొనమనండి. నేను ఆలోచించే చెబుతున్నాను. పొటాషియం, క్లోరిన్ మొక్కలో ఎక్కువగా నీళ్లలో కరిగే రూపంలోనే ఉంటాయి. 1996లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో బ్రయాన్ జెంకిన్స్, ఆయన సహచరులు గడ్డిని ఉత్త నీళ్లతో కడిగి చూశారు. పొటాషియంలో 80 శాతం పైగా, క్లోరిన్‌లో 90 శాతం పైగా పోయింది. సిలికా ఎక్కడిదక్కడే ఉంది. కడిగిన గడ్డి బూడిద కరగడానికి చాలా ఎక్కువ వేడి కావాల్సి వచ్చింది. డెన్మార్క్‌లో గడ్డితో కరెంటు తీసే ప్లాంట్లవాళ్లు పసుపుపచ్చగా నిగనిగలాడే గడ్డి కంటే వానకి తడిసి బూడిదరంగుకి తిరిగినదాన్నే ఇష్టపడతారు. మన డెల్టాలో కోతల వేళ తుపాను పట్టిందంటే గడ్డి నల్లబడిపోతుంది, పశువులు ముట్టవు, రైతుకి రూపాయి రాదు. మీ బాయిలర్‌కి కావలసింది సరిగ్గా ఆ గడ్డే. బాగా ఎండితే చాలు. పైగా వానకి కడుక్కుపోయిన పొటాష్ ఆ రైతు పొలంలోనే దిగుతుంది. టన్ను ఎండుగడ్డిలో 12 నుంచి 17 కిలోల దాకా పొటాషియం ఉంటుంది. దాదాపు మన దేశం వాడే పొటాష్ ఎరువంతా బయటి దేశాల నుంచే వస్తుంది. అలాంటిది దాన్ని గ్రేటు మీద గాజు చేసి గునపంతో పొడుచుకుంటున్నాం.

అలాంటి గడ్డి దొరికేదాకా ఊకలో కొద్దికొద్దిగా గడ్డి కలపండి. ఒకేచోట కుప్ప పడనీయకుండా పలచగా పరవండి. ముఖానికి అడ్డం లేకుండా మాత్రం ఆ గడ్డలు పొడవకండి.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మిరపకట్టె పొలంలో తగలబెట్టడం ఇష్టం లేక పాత తారు డ్రమ్ములో మూతపెట్టి బొగ్గు చేస్తున్నాను. సరుగుడు కట్టెతో కూడా చేశాను. సరుగుడుకి మూత అంచున నల్లటి జిగురు బాగా పడుతుంది, మిరపకట్టెకి అంతగా పట్టదు. పొగ కూడా ముందే మొదలవుతుంది. బాధ ఏమిటంటే, చల్లారిందనుకుని మిరపకట్టె బొగ్గు గోతాల్లో పోసి పాకలో పెడితే తెల్లారేసరికి రెండు గోతాలు బూడిదయ్యాయి. పాక అంటుకోలేదు, అదృష్టం. సరుగుడు బొగ్గు ఎప్పుడూ ఇలా చేయలేదు. ఎందుకిలా? ఈ బొగ్గు పొలంలో వేయొచ్చా?

జవాబు: మీరు చూసిన మూడు సంగతులూ, అంటే పొగ ముందే రావడం, జిగురు తగ్గడం, బొగ్గు తిరిగి రాజుకోవడం, ఒకే కారణం వల్ల జరిగేవే. చాలామంది ఇన్ని గమనించరు. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

డ్రమ్ములో మూత పెట్టాక లోపల జరిగేది మండడం కాదండీ, గాలి లేకుండా వేడికి విడిపోవడం. ఏ కట్టెలోనైనా ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి. హెమిసెల్యులోజ్ ముందు పోతుంది, సుమారు 220 నుంచి 315 డిగ్రీల మధ్య. తర్వాత సెల్యులోజ్, 315 నుంచి 400 మధ్య. లిగ్నిన్‌కి తొందర లేదు, 160 దగ్గర మొదలుపెట్టి 900 దాకా మెల్లగా విడిపోతూనే ఉంటుంది. పుస్తకాల్లో కనిపించే అంకెలివి. కానీ ఇవి శుభ్రం చేసిన పదార్థాల మీద తీసినవి. మీ మిరపకట్టె లవణాలతో సహా డ్రమ్ములోకి దిగుతుంది.

సెల్యులోజ్ సంగతే చూడండి. గ్లూకోజ్ ముక్కలు పూసల్లా కూర్చిన పొడవాటి దండ అది. లవణాలేమీ లేని సెల్యులోజ్‌ని 500 డిగ్రీల దగ్గర చురుగ్గా వేడిచేస్తే దండ కొస నుంచి పూసలు ఒక్కొక్కటిగా ఊడి ఆవిరై వస్తాయి. ఆ ఊడిన పూస పేరు లెవోగ్లూకోసాన్. బరువులో 60 శాతం దాకా అదే వస్తుంది. చల్లబడితే చిక్కటి పాకంలా దిగుతుంది. మీ సరుగుడు డ్రమ్ము మూత దగ్గర జిగురులో లిగ్నిన్ నుంచి వచ్చిన తారుతోపాటు ఇలాంటివి కూడా ఉంటాయి. ఇప్పుడు అదే సెల్యులోజ్‌కి అర శాతం లోపు పొటాషియం లవణం పట్టించండి. పూసలు ఊడే దారి చాలావరకు మూసుకుపోతుంది. పొటాషియం అయాను గ్లూకోజ్‌లోని ఆక్సిజన్‌లను పట్టుకుని ఆ వలయాన్నే చీల్చేస్తుంది, నీటిని లాగేస్తుంది. చిన్న చిన్న అణువులు, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మిగిలిన బొగ్గు పెరుగుతాయి. పాకం తగ్గిపోతుంది. ఇదంతా మామూలు కంటే పదుల డిగ్రీలు తక్కువ వేడిలోనే మొదలవుతుంది. మీకు పొగ ముందే కనిపించింది అందుకే. ఈ పనిలో పొటాషియం అన్నిటికంటే చురుకు, సోడియం దాని తర్వాత, కాల్షియం, మెగ్నీషియం ఇంకా వెనక. సిలికా మాత్రం ఇక్కడ దాదాపు ఊరికే కూర్చుంటుంది, పైన ఫైర్‌మన్‌గారి గ్రేటు మీదికి వెళ్తే తప్ప దాని సంగతి తెలియదు.

సరుగుడు చెక్కలో బూడిద వందకి ఒకటి రెండు వంతులు. ఏడాది తిరక్కుండా పెరిగి, ఎరువు తిని, రసంతో నిండుగా ఉన్నప్పుడే పీకేసిన మిరప మొక్కలో దానికి కొన్ని రెట్లు. చెట్టు చెక్కలో కంటే ఆకులో, లేత కొమ్మలో పొటాషియం ఎప్పుడూ ఎక్కువే. మిరపకట్టెలో సన్నకొమ్మలే ఎక్కువ కదా.

ఇక గోతాల సంగతి. కట్టె బొగ్గయ్యాక పొటాషియం ఎక్కడికీ పోదు. తారు, నీరు వెళ్లిపోయాక తూకంలో దాని వంతు ఇంకా పెరుగుతుంది. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో కలవడానికి కూడా అదే పొటాషియం సాయం చేస్తుంది. కొత్త బొగ్గుకి గాలి తగలగానే ఆక్సిజన్‌ని పట్టుకుని కొద్దిగా వేడెక్కుతుంది. పలచగా పరిస్తే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. గోతంలో కుక్కితే బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. పొటాష్ తక్కువైన సరుగుడు బొగ్గు ఆ దశ దాటేస్తుంది, మిరపకట్టె బొగ్గు దాటలేక రాజుకుంటుంది.

దయచేసి ఇలా చేయండి. మూత అంచులు, కింది రంధ్రాలు మట్టితో మెత్తి, డ్రమ్ము మధ్యలో చెయ్యి ఆనిస్తే పూర్తిగా చల్లగా తగిలేదాకా తెరవకండి. తెరిచాక బొగ్గుని ఆరుబయట, గడ్డివాముకి దూరంగా, బెత్తెడు మందం మించకుండా పరిచి ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే ఉంచండి. మధ్యలో నాలుగైదు చోట్ల చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. ఎక్కడ వెచ్చగా తగిలినా నీళ్లు చల్లండి. వేడి డ్రమ్ములోకి మాత్రం నీళ్లు పోయొద్దు, ఆవిరి ఎగదన్ని ఒళ్లు కాలుతుంది. తలుపులు మూసిన పాకలో ఈ పని ఎన్నడూ చేయకండి. మగ్గుతున్న బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు.

ఆ బొగ్గు పొలంలో వేయాలా అని కూడా అడిగారు. మీ నల్లరేగడిలో సాధారణంగా పొటాష్ తక్కువేమీ ఉండదు, నేల క్షారం వైపే ఉంటుంది. మిరపకట్టె బొగ్గు కూడా క్షారమే. అందుకే ముందు గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో, మీ దగ్గరి భూసార పరీక్ష కేంద్రంలోనో మట్టి చూపించి, తర్వాతే వేయండి. నన్నడిగితే ఆ బొగ్గు బాపట్ల వైపు ఇసుక నేలలకి ఎక్కువ ఉపయోగం. అక్కడ వేసిన పొటాష్ నిలవక కిందికి దిగిపోతుంది.

ప్రశ్న: నేను గుంటూరులో ఎరువుల కొట్టులో పనిచేస్తాను. పొగాకు రైతులు వస్తే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అమ్మవద్దు, సల్ఫేట్ ఆఫ్ పొటాషే ఇవ్వమంటారు మా ఓనరు. మ్యూరియేట్‌లో పొటాష్ 60 శాతం, సల్ఫేట్‌లో 50. ధర కూడా సల్ఫేట్‌కే ఎక్కువ. రైతుకి ఏమని చెప్పాలి?

జవాబు: పొగ తాగడాన్ని నేను ఎప్పటికీ సమర్థించను. రైతు డబ్బు వృథా కాకూడదు కనుక జవాబు రాస్తున్నాను. మ్యూరియేట్ అంటే పొటాషియం క్లోరైడ్. పొగాకు మొక్క క్లోరిన్‌ని అడ్డూ ఆపూ లేకుండా ఆకులోకి లాక్కుంటుంది. ఆకులో క్లోరైడ్ 2 శాతం దాటితే నిప్పు సరిగా నిలవదు, ఆకు తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, వేలంలో రేటు పడిపోతుంది. పొటాషియం అదే ఆకులో సేంద్రియ ఆమ్లాలతో కలిసి ఉంటే వేడికి కార్బొనేట్‌గా మారి నిప్పుని నడిపిస్తుంది. క్లోరైడ్‌గా ఉన్న పొటాషియం మారకుండా అలాగే ఉండిపోతుంది, నిప్పుకి దానివల్ల సాయం చాలా తక్కువ. సిగరెట్ కాగితంలో సిట్రేట్ లవణాలు కలిపేది కూడా కాగితం కాలే వేగాన్ని అదుపులో పెట్టడానికే. మిరప, వరి రైతులకి ఈ తకరారు లేదు, వాళ్లకి మ్యూరియేట్ ఇవ్వొచ్చు. పొగాకు రైతుని మాత్రం బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయా అని కూడా అడగండి. నీళ్లలో క్లోరైడ్ ఉంటే ఖరీదైన సల్ఫేట్ వేసినా ఆకు కాలదు.

ప్రశ్న: పొయ్యిలో కల్లుప్పు చల్లితే మంట బలంగా వస్తుందని మా అత్తగారు అంటారు. నిజమా? – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రంగు మారుతుంది, వేడి పెరగదమ్మా. చిటపటలు పలుకుల్లో చిక్కుకున్న నీరు ఆవిరవడం వల్ల, పసుపు రంగు సోడియం వల్ల. కట్టె పొగకి క్లోరిన్ తోడైతే ఒంటికి మంచిది కాని పదార్థాలు పుడతాయి. చల్లవద్దని అత్తగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మేడం, నేను విజయవాడలో పదో తరగతి చదువుతున్నాను. మా తాతయ్య పొలంలో డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు సంచి చినిగి గడ్డి మీద పడి మంచుకి కరిగిపోయింది. తర్వాత ఆ గడ్డికి నిప్పు పెడితే నల్లబడింది గానీ మండలేదు. ఎరువు మంటని ఆపుతుందా? సైన్స్ ఫెయిర్‌లో చూపించవచ్చా?

జవాబు: ఆపుతుంది తల్లీ, తప్పకుండా చూపించు. ఫ్రాన్స్‌లో గే-లుస్సాక్ అనే రసాయన శాస్త్రవేత్త 1821లోనే నాటకశాలల తెరలు అంటుకోకుండా అమ్మోనియం ఫాస్ఫేట్, అమ్మోనియం క్లోరైడ్, బొరాక్స్‌లతో బట్టలు తడిపి చూపించాడు. అమెరికాలో అడవులు తగలబడితే విమానాల నుంచి కుమ్మరించే ఎర్రటి ద్రవంలో కూడా అమ్మోనియం ఫాస్ఫేటే ఉంటుంది. మీ ఇంట్లో అగ్గిపుల్ల ఊదగానే కొస మీద నిప్పు మిగలకుండా నల్లగా ఆగిపోతుంది చూడు, పుల్లని ఆ లవణంలో ముంచడం వల్లే.

వేడికి డీఏపీ నుంచి అమ్మోనియా పోయి ఫాస్ఫారిక్ ఆమ్లం మిగులుతుంది. అది సెల్యులోజ్ నుంచి నీటిని లాగేసి దాన్ని బొగ్గుగా మారుస్తుంది. మండే ఆవిర్లు తగ్గిపోతాయి, మంటకి తిండి దొరకదు. పైన మిరపకట్టె జవాబు చదివావా? పొటాషియం కూడా బొగ్గుని పెంచుతుందని రాశాను. అయితే పొటాషియం పట్టిన బొగ్గులో నిప్పు కదులుతూనే ఉంటుంది, ఫాస్ఫరస్ పట్టిన బొగ్గులో ఆగిపోతుంది. నీ ప్రాజెక్టులో చూపించాల్సింది ఈ తేడానే. ఒక్క డీఏపీతో ఆగిపోతే సగమే చూపించినట్టు.

ల్యాబులో వాడే వడపోత కాగితం ఒకేలా మూడు పట్టీలు కత్తిరించు. మొదటిది ఉత్త నీళ్లలో తడుపు. రెండోదానికి కట్టెపొయ్యి బూడిద కలిపి, తేర్చి, వడకట్టిన నీళ్లు. మూడోదానికి చెంచాడు డీఏపీ కరిగించిన నీళ్లు. బూడిద నీళ్లు చర్మాన్ని మండిస్తాయి, చేతికి తొడుగు వేసుకో. మూడు పట్టీలనీ బాగా ఎండబెట్టి, పటకారుతో పట్టుకుని ఒకే కొవ్వొత్తి దగ్గర అంటించు. మొదటిది భగ్గుమని మండిపోతుంది. రెండోది చిన్న మంటతో మండి, మంట ఆరాక ఎర్రటి అంచు పాకుతూ పోతుంది. మూడోది కొవ్వొత్తి తీసేయగానే నల్లగా ఆగాలి. ఆగకపోతే డీఏపీ ఇంకొంచెం కలుపు. బూడిదకి ఊక వాడకు, అందులో పొటాష్ చాలదు. అరటి దవ్వ ఎండబెట్టి కాల్చిన బూడిద దొరికితే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. పక్కన మీ టీచర్‌గారు, ఒక బకెట్ నీళ్లు తప్పనిసరిగా ఉండాలి. ఏ పట్టీ ఎన్ని సెకన్లు కాలిందో, ఎంత నల్ల బొగ్గు మిగిలిందో రాసుకుని నాకు పంపు.